ప్లాస్మా దానం: పూర్వపక్షమూ సమాధానమూ

రక్తంలోంచి ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు వేరుచేయగా మిగిలే లేత పసుపు ద్రవాన్ని ప్లాస్మా అంటారు. రక్తం పరిమాణంలో దాదాపు 55 శాతం ఇదే. ఇందులో పదింట తొమ్మిది వంతులు నీరే అయినా, మిగిలిన కొద్ది భాగంలోనే ప్రాణాన్ని నిలబెట్టే ప్రోటీన్లు ఉన్నాయి. రక్తనాళాల్లోని నీరు బయటికి జారిపోకుండా పట్టి ఉంచే ఆల్బుమిన్, రోగకారకాలను గుర్తుపట్టి ఎదుర్కొనే ఇమ్యునోగ్లోబ్యులిన్లు, అంటే ప్రతిరక్షకాలు, గాయమైనచోట రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్, ఫ్యాక్టర్ 8, ఫ్యాక్టర్ 9 వంటివి వాటిలో ముఖ్యమైనవి.

ఈ మాట తెలంగాణలో ఇంటింటికీ చేరింది 2020లో, కొవిడ్ కాలంలో. ఈ సంవాదానికి వేదికైన, రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని జన్వాడ అప్పట్లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉన్న ఊరు. కోలుకున్నవారి చేత ప్లాస్మా ఇప్పించడానికి ఆ సంవత్సరం అందరికంటే గట్టిగా పూనుకున్న సంస్థల్లో ఆ కమిషనరేట్ ఒకటి. అయితే ఆ ప్లాస్మాను కొవిడ్ రోగులకు ఎక్కించే చికిత్స పనిచేయదని తేలడంతో ప్లాస్మా దానం మీదే జనంలో ఒక అనుమానం నిలిచిపోయింది. ఆ అనుమానాన్ని పూర్వపక్షంగా నిలిపి, దానికి సమాధానం వెతకడం ఈ సంవాదం ఉద్దేశం. పూర్వపక్షాన్ని జన్వాడలో చామంతి, ఆకుకూరలు పండించే ఒక వృద్ధ రైతు, ఉత్తరపక్షాన్ని రక్తకేంద్రంలో పనిచేసే, మొయినాబాద్ ప్రాంతానికే చెందిన ఒక వైద్యురాలు వినిపిస్తారు. ఇద్దరూ కల్పిత పాత్రలు. వారు చెప్పుకునే సంగతులు మాత్రం వాస్తవాలు.

రైతు: డాక్టరమ్మా, కొవిడ్ తగ్గినవాళ్లను వెతికి వెతికి ప్లాస్మా ఇమ్మని అడిగిన రోజులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. సైబరాబాద్ పోలీసులు దాతలను కూడగట్టారు. 2020 ఆగస్టులో కమిషనర్ సజ్జనార్ సమక్షంలో నటుడు చిరంజీవి వచ్చి ఆ దాతలను సన్మానించారు. సెప్టెంబరు మొదట్లో సంగీత దర్శకుడు కీరవాణి, ఆయన కుమారుడు కాలభైరవ కూడా ప్లాస్మా ఇచ్చారు. ఇంతచేసి, 2021 మే నెలలో ఆ చికిత్సను ప్రభుత్వమే మార్గదర్శకాల నుంచి తీసేసింది. పనికిరాదని తేలినదానికి అంతమంది చేతులు చాపినప్పుడు, మళ్లీ అదే దానం చేయమని ఊళ్లోకి వస్తే జనం ఎందుకు నమ్మాలి?

వైద్యురాలు: ఆ ప్రశ్న న్యాయమైనదే, పెద్దనాయనా. కానీ అక్కడ పనికిరాదని తేలింది ఏది, తేలకుండా మిగిలింది ఏది అన్నది విడదీసి చూడాలి. ఒక జబ్బు నుంచి కోలుకున్నవారి రక్తంలో ఆ జబ్బుపై ప్రతిరక్షకాలు తయారవుతాయి. వాటిని అదే జబ్బుతో ఉన్న మరొకరికి ఎక్కిస్తే మేలు జరగవచ్చన్న ఆలోచన కొత్తది కాదు. 1890లో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు డిఫ్తీరియా, ధనుర్వాతాల విషయంలో ఇలాంటి రక్షణ శక్తి రక్తరసంలో ఉంటుందని చూపించారు. 1901లో వైద్యరంగంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి బేరింగ్‌కు ఆ కృషికే దక్కింది. కొవిడ్ వచ్చినప్పుడు వేరే మందు లేని స్థితిలో ఈ పాత దారినే పరీక్షించారు. భారత వైద్య పరిశోధన మండలి 2020 ఏప్రిల్ నుంచి జూలై వరకు దేశంలోని 39 ఆస్పత్రుల్లో, మధ్యస్థాయి కొవిడ్ ఉన్న 464 మందిపై పరీక్ష జరిపింది. ప్లాస్మా ఎక్కించినవారిలో 19 శాతం మందికి జబ్బు ముదరడమో మరణమో సంభవిస్తే, ఎక్కించనివారిలో 18 శాతం మందికి సంభవించింది; అంటే ప్లాస్మా వల్ల ఫలితంలో తేడా రాలేదు. తరువాత బ్రిటన్‌లో పదకొండు వేలకు పైగా రోగులపై జరిగిన రికవరీ పరీక్ష కూడా అదే తేల్చింది.

రైతు: మరి అందరూ ఇచ్చిన ప్లాస్మాలో లోపం ఎక్కడుంది?

వైద్యురాలు: కారణాలు ఒకటికంటే ఎక్కువ ఉండవచ్చు. కోలుకున్న ప్రతివారిలోనూ ప్రతిరక్షకాలు ఒకే మోతాదులో ఉండవు. దర్శకుడు రాజమౌళి కూడా దానం చేయడానికి సిద్ధపడి పరీక్ష చేయించుకుంటే, ప్రతిరక్షకాల స్థాయి 15 దాటాల్సిన చోట 8.62 మాత్రమే ఉందని తేలింది; ఆ సంగతి ఆయనే ప్రకటించారు. ఇక ఆస్పత్రిలో చేరే సమయానికి చాలామంది రోగుల శరీరం సొంతంగానే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటూ ఉంటుంది కనుక, బయటినుంచి వచ్చినవి కొత్తగా చేయగలిగేది తక్కువ. ఇచ్చినవారి మనసులో లోపం లేదు. పరీక్షించి, పనిచేయదని తేలగానే ఆపేయడంలో వైద్యశాస్త్రం తప్పూ లేదు. ఆ పరీక్షల్లో ఓడిపోయింది ప్లాస్మాకు ఉన్న అనేక ఉపయోగాల్లో ఒక్క ఉపయోగం. మిగిలినవి కొవిడ్‌కు ముందూ ఉన్నాయి, ఈ రోజూ ఉన్నాయి.

రైతు: ఆ మిగిలినవేమిటో ఊరివాళ్లకు కనబడవు. రాజేంద్రనగర్ దగ్గర తలసేమియా, సికిల్ సెల్ సొసైటీలో పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారని, అందుకు రక్తదానం చేయాలని అంటే అర్థమవుతుంది. ఆ పిల్లలకు కావలసింది ఎర్రకణాలే కదా. పసుపునీళ్లు ఎవరికి కావాలి?

వైద్యురాలు: అదే సీసా రక్తంలో ఆ పిల్లలకు అక్కరలేనిది మరొకరికి అత్యవసరం. దాత ఇచ్చిన రక్తపు సంచిని రక్తకేంద్రంలో సెంట్రిఫ్యూజ్ అనే, చల్లగా ఉంచి అతివేగంగా తిప్పే యంత్రంలో పెడతారు. బయటికి తీసేసరికి బరువైన ఎర్రకణాలు ముదురు రంగులో అడుగున దిగి ఉంటాయి, పైన ఎండుగడ్డి రంగులో ప్లాస్మా తేలి ఉంటుంది. సంచిని రెండు పలకల మధ్య పెట్టి నెమ్మదిగా నొక్కితే ఆ పైపొర గొట్టంలోంచి పక్కనున్న ఖాళీ సంచిలోకి సుమారు 200 మిల్లీలీటర్ల దాకా జారుతుంది. రక్తం తీసిన ఆరు నుంచి ఎనిమిది గంటలలోపు దాన్ని గడ్డకట్టించి, సున్నాకు 30 డిగ్రీల దిగువన భద్రపరిస్తే ఏడాదిపాటు నిలుస్తుంది. దీన్నే ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా అంటారు. రోగికి అవసరమైనప్పుడు 37 డిగ్రీల నీటితొట్టిలో కరిగించి ఎక్కిస్తారు.

రైతు: ఆరేడు గంటల లెక్క పూలు పండించేవాళ్లకు కొత్తేమీ కాదు. తెల్లవారేలోగా గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరని చామంతికి ధర ఉండదు. అయితే జన్వాడలో శిబిరం పెట్టి తీసిన రక్తం పొద్దుగూకేదాకా ఇక్కడే ఉంటే, అందులోని ప్లాస్మా సంగతి అంతేనన్నమాట.

వైద్యురాలు: గడ్డకట్టించే ఫ్యాక్టర్లలో కొన్ని ఆలస్యమయ్యేకొద్దీ బలం కోల్పోతాయి కాబట్టి అలా మిగిలిన ప్లాస్మా విలువ తగ్గుతుంది. అందుకే శిబిరం ఎక్కడ పెట్టారన్నంత ముఖ్యంగా, ఆ సంచులు ఏ వేళకు, ఎంత చల్లదనంలో, భాగాలుగా విడదీసే సౌకర్యం ఉన్న కేంద్రానికి చేరాయన్నది చూడాలి. ఇక ఎవరికి కావాలన్న ప్రశ్న. హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా బీజాపూర్ పోయే రోడ్డు మీద ప్రమాదాలు ఎంత తరచో ఈ ఊళ్లవారికి చెప్పనక్కరలేదు. ఒక మనిషి రక్తం విపరీతంగా పోగొట్టుకున్నప్పుడు ఎర్రకణాలు మాత్రమే ఎక్కిస్తూ పోతే, ఒంట్లో మిగిలిన గడ్డకట్టించే ఫ్యాక్టర్లు పలచబడిపోయి నెత్తురు ఆగనే ఆగదు. అందుకే అటువంటివారికి ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు దాదాపు సమపాళ్లలో ఇస్తారు. కాన్పులో ఆగని రక్తస్రావానికి ఫైబ్రినోజెన్ కావాలి. ప్లాస్మాను నెమ్మదిగా కరిగించినప్పుడు అడుగున మిగిలే క్రయోప్రెసిపిటేట్ అనే చిక్కటి పదార్థంలో అది దండిగా ఉంటుంది. కాలేయం పాడై రక్తం గడ్డకట్టని రోగికి శస్త్రచికిత్స చేయాలంటే శరీర బరువులో కిలోకు 10 నుంచి 15 మిల్లీలీటర్ల చొప్పున ప్లాస్మా వేస్తారు. 60 కిలోల మనిషికి అది మూడు నాలుగు సంచులు అవుతుంది. ఇక్కడ ఒక విశేషం ఉంది. ఎర్రకణాల విషయంలో ఓ నెగెటివ్ గ్రూపువారిని అందరికీ ఇవ్వగలవారంటారు. ప్లాస్మా విషయంలో ఆ స్థానం ఏబీ గ్రూపువారిది, ఎందుకంటే వారి ప్లాస్మాలో ఏ, బీ కణాలపై దాడిచేసే ప్రతిరక్షకాలు ఉండవు.

రైతు: పొలంలో రక్తపింజరి కరిచినవాళ్లకు నోట్లోంచి, చిగుళ్లలోంచి నెత్తురు కారడం ఈ వైపు జనం చూసినదే. వాళ్లకూ ఇదే వేస్తారా?

వైద్యురాలు: రక్తపింజరి విషం గడ్డకట్టించే ప్రోటీన్లను తినేస్తుంది, నిజమే. కానీ విషం ఒంట్లో ఉన్నంతసేపూ ఎక్కించిన ప్లాస్మాను కూడా అది తినేస్తుంది కనుక, మొదటి మందు విషవిరుగుడు ఇంజెక్షనే. ప్లాస్మా దానికి బదులు కాదు. ఆ విరుగుడు కూడా ప్లాస్మా నుంచి వచ్చేదే. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి ప్లాస్మాలో తయారైన ప్రతిరక్షకాలను శుద్ధిచేసి ఆ మందు తయారుచేస్తారు. రంగారెడ్డి జిల్లా తిమ్మాపూర్‌లోని విన్స్ బయోప్రొడక్ట్స్ చేసే పని అదే.

రైతు: గుర్రం ఇచ్చేది మనిషిని అడగడం ఎందుకు, బిడ్డా? ఇంకా చెప్పాలంటే, ఇన్సులిన్ ప్రయోగశాలలో తయారవుతున్న కాలంలో ప్లాస్మా మందులు మాత్రం మనుషుల చేతుల్లోంచే తీయాలా?

వైద్యురాలు: కొన్నింటిలో ఆ మార్పు వచ్చింది. హీమోఫీలియా రోగుల్లో ఎక్కువమందికి ఫ్యాక్టర్ 8 పుట్టుకతోనే తక్కువ. గతంలో అది ప్లాస్మా నుంచి మాత్రమే వచ్చేది, ఇప్పుడు ప్రయోగశాలలో తయారైనదీ దొరుకుతోంది. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు తరువాతి కాన్పుల్లో బిడ్డలకు ముప్పు రాకుండా ప్రసవమైన 72 గంటల్లోపు ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ కూడా దశాబ్దాలపాటు దాతల ప్లాస్మా నుంచే వచ్చింది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన పద్నాలుగేళ్ల వయసులో ఛాతీ శస్త్రచికిత్సకు ఇతరుల రక్తంతో బతికి, 1954 నుంచి 2018 వరకు 1,173 సార్లు దానం చేశారు; ఆయన ప్లాస్మాలోని అరుదైన ప్రతిరక్షకంతో చేసిన మందు సుమారు 24 లక్షల మంది పసివాళ్లకు రక్ష అయిందని అక్కడి రెడ్‌క్రాస్ గౌరవించింది. ఆయన 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఈ మందుకు ఇప్పుడు ప్రయోగశాల రూపం భారతదేశంలోనూ వచ్చింది. కానీ ఇమ్యునోగ్లోబ్యులిన్ సంగతి వేరు. అది ఒక్క అణువు కాదు. వేలమంది తమ జీవితకాలంలో ఎదుర్కొన్న లెక్కలేనన్ని సూక్ష్మజీవులపై తయారుచేసుకున్న ప్రతిరక్షకాల సమాహారం. ఆ వైవిధ్యాన్ని ఏ ఒక్క కణజాలంలోనూ పెంచలేరు. గుర్రపు ప్రోటీన్‌ను మనిషికి నెలనెలా ఎక్కిస్తే శరీరం తిరగబడుతుంది. అందువల్ల దీనికి మనిషే మూలం.

రైతు: నెలనెలా ఎవరికి కావాలి అది?

వైద్యురాలు: పుట్టుకతోనే ప్రతిరక్షకాలు తయారుకాని పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి, జీవితాంతం కావాలి, లేకపోతే మామూలు జలుబు కూడా న్యుమోనియాగా మారవచ్చు. కావాసాకి వ్యాధి వచ్చిన పిల్లల్లో గుండె రక్తనాళాలు దెబ్బతినకుండా కాపాడేదీ ఇదే. గియాన్ బారే సిండ్రోమ్ అనే జబ్బులో ఒంటి రక్షణ వ్యవస్థే నరాలపై దాడిచేయడంతో కాళ్లనుంచి మొదలై ఊపిరి కండరాల దాకా చచ్చుబడతాయి. 2025 ఆరంభంలో పుణెలో ఆ జబ్బు ఒక్కసారిగా ప్రబలినప్పుడు ఈ మందుకు గిరాకీ పెరిగింది. ఆ రోగికి కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున ఐదు రోజుల్లో ఇవ్వాలి. 60 కిలోల మనిషికి 120 గ్రాములు. ఒక లీటరు ప్లాస్మా నుంచి దక్కేది సుమారు 4 గ్రాములే కాబట్టి 30 లీటర్ల ప్లాస్మా కావాలి. ఒక్కో రక్తదానంలో 200 మిల్లీలీటర్లు వస్తుందనుకుంటే, ఒకే ఒక్క రోగిని లేపి నిలబెట్టడానికి 150 మంది దాతలు అవసరమన్నమాట.

రైతు: ఒక్క మనిషి వెనుక నూట యాభై మంది. అంతమంది ఇచ్చినది సంచుల్లోంచి మందుగా ఎలా మారుతుంది? వారిలో ఒక్కడికి జబ్బుంటే అది అందరికీ అంటుకోదా?

వైద్యురాలు: రెండో ప్రశ్న చరిత్రలో రక్తంతో రాసి ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హార్వర్డ్‌కు చెందిన ఎడ్విన్ కోన్ ప్లాస్మాకు చల్లని ఆల్కహాల్ కలిపి, ఆమ్లత్వాన్ని, ఉష్ణోగ్రతను మెట్టుమెట్టుగా మార్చుతూ ఒక్కో ప్రోటీన్‌ను విడిగా రాబట్టే పద్ధతి కనిపెట్టారు; దాన్నే ఫ్రాక్షనేషన్ అంటారు. వేల లీటర్ల ప్లాస్మా ఒకే తొట్టిలో కలుస్తుంది కనుక, 1980ల్లో హెచ్ఐవీ ఆ దారిన వేలాది హీమోఫీలియా రోగులకు పాకి వారి ప్రాణాలు తీసింది. ఆ విషాదం తరువాతే వేడిచేయడం, వైరస్ పైపొరను కరిగించే ద్రావకాలు వాడడం తప్పనిసరి దశలయ్యాయి. ఆల్బుమిన్‌నైతే 60 డిగ్రీల వేడిలో 10 గంటలు ఉంచుతారు. దానికి ముందే ప్రతి సంచికీ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాలని చట్టం చెబుతోంది.

రైతు: రోగికి భద్రత చెప్పారు, సరే. ఇచ్చేవాడి సంగతి? పొద్దంతా ఎండలో పనిచేసేవాళ్లు ఒంట్లో సత్తువ పోతుందని భయపడతారు.

వైద్యురాలు: మామూలు రక్తదానంలో ప్లాస్మా కూడా ఉంది కాబట్టి, ఊరివాళ్లు ప్లాస్మా దానం కోసం వేరే యంత్రం వెతుక్కోనక్కరలేదు. 18 నుంచి 65 ఏళ్లలోపు, 45 కిలోలకు తగ్గని బరువు, 12.5 గ్రాములకు తగ్గని హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు, మగవారైతే మూడు నెలలకు, ఆడవారైతే నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో, ఎర్రకణాలు కొన్ని వారాల్లో తిరిగి తయారవుతాయి. ఎఫెరిసిస్ అనే మరో పద్ధతిలో యంత్రం ప్లాస్మాను మాత్రం తీసుకుని కణాలను దాతకే తిరిగి ఎక్కిస్తుంది. దానికి ముక్కాలు గంటో గంటో పడుతుంది. భారతదేశ నిబంధనల ప్రకారం ఒక్కసారికి 500 మిల్లీలీటర్లు, నెలకు 1,000 మిల్లీలీటర్లు మించకూడదు. దాత రక్తంలో ప్రోటీన్లు తగినంత ఉన్నాయో లేదో ముందే చూడాలి. దానం చేసిన రోజు నీళ్లు బాగా తాగాలి, బరువు పనులకు, ఎండకు దూరంగా ఉండాలి. కూలికి పోకతప్పని రోజున ఇవ్వమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు.

రైతు: ఇక అసలు మాట. ఊరివాడు ఊరకే ఇస్తాడు. అదే మందై వచ్చేసరికి ఐదు గ్రాముల సీసాకే వేల రూపాయలు. నడుమ లాభం ఎవరిది? దానమిచ్చినవాడికి ఆ సంచి ఎటు పోయిందో కూడా ఎవరూ చెప్పరు. అలాంటప్పుడు అమెరికాలో మాదిరి ఇచ్చినవాడికే డబ్బు ఇస్తే తప్పేమిటి?

వైద్యురాలు: డబ్బిస్తే సరఫరా పెరుగుతుంది, కాదనలేం, మందుల తయారీకి ప్రపంచంలో వాడే ప్లాస్మాలో దాదాపు మూడింట రెండు వంతులు ఒక్క అమెరికా నుంచే వస్తోంది. కానీ ఆ దారిలో చైనాలోని హెనాన్ రాష్ట్రం 1990ల్లో చూసినదీ ఉంది. అక్కడ పేదరైతులు ప్లాస్మా అమ్ముకున్నారు. అనేకమంది రక్తాన్ని కలిపి, ప్లాస్మా తీసుకుని, మిగిలిన కణాలను వారికే తిరిగి ఎక్కించడంతో హెచ్ఐవీ ఊళ్లకు ఊళ్లనే కమ్మేసింది. డబ్బు అవసరమున్నవాడు తన జబ్బును దాచిపెడతాడు, ఒళ్లు వద్దన్నా వచ్చి కూర్చుంటాడు. ప్రపంచ ఆరోగ్య సభ 1975లోనే ప్రతిఫలం లేని స్వచ్ఛంద దానాన్ని సూత్రంగా ప్రకటించింది. భారత సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో 1996 జనవరి 4న ఇచ్చిన తీర్పుతో రక్తం అమ్ముకునే వృత్తిదాతల విధానానికి తెరపడింది.

రైతు: అమ్ముకోకూడదన్న నియమం పేదవాడికే ఉండి, సంచి చేరిన తరువాత మాయమైతే అది ధర్మం కాదు.

వైద్యురాలు: అక్కడ మీ పక్షమే బలమైనది, పెద్దనాయనా, దాన్ని తోసిపుచ్చేందుకు వాదన లేదు. రోగులకు వాడగా మిగిలిన ప్లాస్మాను మందుల కంపెనీలకు మార్పిడిగా ఇవ్వడానికి కేంద్రం 2015లో అనుమతిచ్చి, లీటరుకు 1,600 రూపాయల మార్పిడి విలువ నిర్ణయించింది. ఆ విలువకు రక్తకేంద్రాలు పరికరాలో, సామగ్రో, ప్లాస్మా మందులో తీసుకోవచ్చు. ఉద్దేశం మంచిదే, ఎందుకంటే మార్పిడి లేకపోతే మిగులు ప్లాస్మా గడువుతీరి పారబోయాల్సిందే. కానీ ఆ లెక్క దాతకు కనబడేలా ఉండాలి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. బలహీనతకనో, ఆల్బుమిన్ తగ్గిందనో ప్లాస్మా ఎక్కించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ప్లాస్మా టానిక్ కాదు, దానితో ఎలర్జీలు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వంటి ప్రమాదాలూ ఉన్నాయి. అవసరంలేనిచోట వాడిన ప్రతి సంచీ దాతకు చేసిన అన్యాయమే.

రైతు: అయితే ఒప్పందం ఇలా ఉండాలి. ఊళ్లో శిబిరం పెట్టేవాళ్లు మూడు మాటలకు ముందే జవాబు చెప్పాలి: రక్తాన్ని భాగాలుగా విడదీసే లైసెన్సు ఆ కేంద్రానికి ఉందా, సంచులు ఎన్ని గంటల్లో అక్కడికి చేరతాయి, మిగిలిన ప్లాస్మా ఎవరికి పోయి బదులుగా ఏమొస్తుంది. ఆ వచ్చినదాంట్లో ఇమ్యునోగ్లోబ్యులిన్, ఫ్యాక్టర్ సీసాలు ఉంటే అవి ముందు ప్రభుత్వ ఆస్పత్రుల్లోని పేదరోగులకు అందాలి. ఈ జవాబులు దొరికితే చేయి చాపడానికి జన్వాడ వెనుకాడదు.

వైద్యురాలు: ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేని కేంద్రానికి రక్తం అడిగే అర్హత లేదు. కానీ జవాబులు వచ్చేదాకా ఎవరూ ఇవ్వకూడదని మాత్రం అనకండి. ఆపరేషన్ బల్ల మీద నెత్తురు ఆగనివారికి, ఈ నెల మోతాదు అందని పసివాడికి ఆ వ్యవహారంతో సంబంధం లేదు. అడుగుతూనే ఇవ్వాలి, ఇస్తూనే అడగాలి.

ఈ సంవాదంలో పూర్వపక్షం పూర్తిగా ఓడలేదు, ఓడవలసిన అవసరమూ లేదు. కొవిడ్ చికిత్సగా ప్లాస్మా విఫలమైందన్న రైతు మాట నిజం. ఆ వైఫల్యాన్ని ప్లాస్మా దానానికంతటికీ అంటగట్టడం మాత్రం నిలవదని వైద్యురాలి సమాధానం తేల్చింది. దాతకు లెక్క చెప్పని వ్యవస్థ ఎంతో కాలం దానాన్ని ఆశించలేదన్న రైతు వాదనను ఆమె కూడా అంగీకరించింది. ప్రతిరక్షకాల సమాహారాన్ని మనిషి శరీరం తప్ప మరేదీ తయారుచేయలేనంత కాలం, దాన్ని డబ్బుకు కొనకూడదని సమాజం నిర్ణయించుకున్నంత కాలం, రోగికి మిగిలే దారి అపరిచితుల ఔదార్యం ఒక్కటే. ఆ ఔదార్యం నిలవాలంటే శిబిరానికి వచ్చిన ప్రతి దాతకూ తన రక్తం ఎటు పోతుందో అడిగే హక్కు ఉండాలి. అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పే బాధ్యత రక్తకేంద్రానిది.